అబ్బాయి మీకేమవుతాడు?

మా ఊళ్ళో పెళ్ళిళ్ళు కుదిర్చే పెద్దాయన ఒకరుండేవారు. ఓసారి మా ఇంటికొచ్చి ఒక కుర్రాణ్ణి తెగ మెచ్చుకున్నారు. మా అమ్మమ్మ అంతా విని, "ఇంతకీ ఆ అబ్బాయి మీకేమవుతాడు?" అంది. మేనల్లుడట! కుర్రాడు మంచివాడే కావచ్చు. కానీ ఆ తర్వాత పెద్దాయన నిజం చెప్పినా మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

2015లో అమెరికాలో ఏబీసీ టెలివిజన్‌కి జార్జి స్టెఫనోపౌలస్ చేసిన ఇంటర్వ్యూ తలుచుకుంటే నాకు అమ్మమ్మే గుర్తొస్తుంది. క్లింటన్ ఫౌండేషన్ విరాళాలను విమర్శిస్తూ పుస్తకం రాసిన పీటర్ ష్వైజర్‌ను ఆయన గట్టిగానే నిలదీశారు. ఒకప్పుడు క్లింటన్ కొలువులో పనిచేసిన మనిషని లోకానికి తెలుసు. తెలియనిదల్లా, అదే ఫౌండేషన్‌కు తాను మూడేళ్ళలో 75,000 డాలర్లు ఇచ్చిన సంగతి. అది బయటపడ్డాక క్షమాపణ చెప్పి, రిపబ్లికన్ అభ్యర్థుల చర్చ నిర్వహణ నుంచి తప్పుకున్నారు.

దాతల జాబితాలో పేరుందిగా, దాచిందేముంది అనొచ్చు. ఉంది. కానీ టీవీ ముందు కూర్చున్నవాడు జాబితాలు వెతుక్కుంటాడా? నిజానికి ఆయన వేసిన ప్రశ్నలు సరైనవే. రుజువేదీ అనడం విలేకరి ధర్మం. విచారమల్లా అదే. చెప్పని చుట్టరికం న్యాయమైన ప్రశ్నక్కూడా మచ్చ తెచ్చింది.

విలేకరికి అభిమానాలు ఉండకూడదని నేననను. మనిషన్నాక ఉంటాయి. ముందుగా ఒక్క ముక్క చెబితే తూకం మేమే వేసుకుంటాం. మా అమ్మమ్మ ఎదురుగా కూర్చుని అడగగలిగింది. టీవీ చూసేవాడికి ఆ వీలు లేదు. అందుకే అడక్కముందే చెప్పాలి.