అడవిని కాచిన ఊరు నవలలో ఎక్కడ?

జంషెడ్‌పూరు నుండి కలకత్తా వైపు రైలుదారిన పోతే ఘాట్‌శిలా వస్తుంది. విభూతిభూషణ బంద్యోపాధ్యాయులు 1950 నవంబరులో కన్నుమూసిన ఊరది. సింగ్‌భూమ్ అడవులలో ఆయన తనివితీర తిరిగినారు. అయితే 1939లో వెలువడిన ‘ఆరణ్యక్’లోని అడవి ఇది కాదు, భాగల్‌పూర్, పూర్ణియా ప్రాంతాలది. సూరంపూడి సీతారాంగారి అనువాదంలో ‘వనవాసి’గా మారి ఆ నవల తెలుగువారికి స్వంతమైనది. ఘాట్‌శిలాకు ఆవలనున్న పల్లెలలో గ్రామస్థులే అడవిని కాచుకొంటున్న సంగతి తెలిసిన తరువాత దానిని మరల చదివితే, దాని గొప్పతనంతోపాటు దాని హద్దు కూడ కంటబడుతున్నది.

‘వనవాసి’ని ప్రకృతి వర్ణనకు మెచ్చుకొనుట మనలో పరిపాటి. వెన్నెలను మెచ్చి కథను మరచితిమా అనిపిస్తుంది. కథానాయకుడు సత్యచరణుడు అడవిని చూడవచ్చిన కవి కాడు, ఎస్టేటు మేనేజరు. అడవి కొట్టించి రైతులకు పట్టాలిచ్చుట అతని కొలువు. ప్రేమించినదానిని తన సంతకంతోనే రూపుమాపిన మనిషి పశ్చాత్తాపం ఆ నవలకు ప్రాణం. భూమికోసం వచ్చినవారు దుర్మార్గులు కారు, అన్నం కరవైనవారు. ఈ చిక్కును విప్పినట్లు నటించకపోవుట రచయిత నిజాయితీ.

ఆ నవలలో యుగళప్రసాదు అనే గుమాస్తా ఉన్నాడు. ఎక్కడెక్కడి నుండో విత్తనాలు, తీగలు తెచ్చి సరస్వతీ కుండి ఒడ్డున నాటుతుంటాడు. ఫలం ఆశించడు. సంగతి తెలిసిన మేనేజరు అతనితో చేయి కలుపుతాడు. భారతీయ నవలలో ఇంత ముచ్చటైన వనరక్షణ చిత్రం నాకు మరొకటి తోచదు. కాని అది ఇద్దరి రహస్యం. ఊరికి అందులో పాలు లేదు. మేనేజరు దయ ఉన్నంతవరకే ఆ వనానికి రక్ష; అతడు కొలువు చాలించిన నాడు దానికి దిక్కెవరు?

ఊరు అనేది నవలలో లేకపోలేదు. సంతాల రాజు దోబ్రు పన్నా ఉన్నాడు. అతని పూర్వుల సమాధులపై మహావృక్షముంది. అడవిదున్నలను వేటగాండ్ర గోతుల నుండి చేయెత్తి వారించే టాండ్‌బారో అనే దైవముంది. అడవిని కాచుకొనే తెలివి ఒక జాతికి తరతరాలుగా ఉన్నదని రచయితకు తెలుసు. కాని ఆ తెలివిని గతంలో నిలిపి నమస్కరించినారు. వర్తమానంలో పని మాత్రం బాబు చేతికిచ్చినారు. నా అభ్యంతరం ఇక్కడ.

మహాశ్వేతాదేవి 1977లో ‘అరణ్యేర్ అధికార్’ వ్రాసి ఈ లోటులో సగం తీర్చినారు. 1979లో సాహిత్య అకాడెమీ బహుమానం పొందిన ఈ నవల తెలుగులో ‘ఎవరిదీ అడవి’ అయినది. బిర్సా ముండా ఉల్గులాన్ ఇందులో కథావస్తువు. అడవికి హక్కుదారులున్నారని ఇది చాటినది. బిర్సా 1900లో రాంచీ జైలులో మరణించెను. 1908లో ఛోటానాగపూర్ కౌలు చట్టం వచ్చినది. హక్కు గెలిచిన మరునాడు అడవిని ఎట్లు పంచుకోవలె, ఎట్లు కాచుకోవలె అన్నది వేరొక కథ.

ఆ వేరొక కథ జీవితంలో జరిగినది. 1978 ప్రాంతంలో సింగ్‌భూమ్‌లో సాలవృక్షాలు కొట్టి టేకు నాటబోగా ఆదివాసులు ఎదిరించినారు. మనవారు గుగ్గిలమనే ఆ సాలం వారికి ఆకు, గింజ, జిగురు ఇస్తుంది. సర్నాలో దైవమై నిలుస్తుంది. టేకు డిపోకు పోతుంది. 1980 సెప్టెంబరు 8న గువాలో కాల్పులు జరిగినవి. పొరుగున మేదినీపూరు జిల్లా అరబరిలో మాత్రం 1972 నుండి ఒక అటవీ అధికారి, అజిత్ కుమార్ బెనర్జీ, వేరు త్రోవ తొక్కినారు: ఊరు అడవిని కాచవలె, కలప రాబడిలో నాలుగవ వంతు ఊరికి చెందవలె. 1990లో కేంద్రప్రభుత్వం ఈ పద్ధతిని దేశమంతటికి సూచించినది. 1992లో ఆంధ్రప్రదేశ్‌లో వన సంరక్షణ సమితులు పుట్టినవి. ఇవి అన్నిచోట్ల నిజమైన పొత్తు కాలేదు. లెక్కలు, పెత్తనం శాఖ చేతిలో ఉండి, పోడు భూములను ఊరిపేరనే లాగుకొన్న చోట్లూ ఉన్నవి. 2006 చట్టంతో గాని గ్రామసభ మాటకు బలం రాలేదు.

ఇక చాకులియా దగ్గర ముటుర్‌ఖామ్. 1998లో అక్కడికి కోడలై వచ్చిన జమునా టుడు కొద్దిమంది స్త్రీలను కూడగట్టి కలపదొంగలపై కాపు కాచినది. బాణాలు, కర్రలు చేతబట్టి తిరిగినారు. చెట్లకు రాఖీలు కట్టినారు. 2019లో ఆమెకు పద్మశ్రీ వచ్చినది. పత్రికలు ఆమె ధైర్యాన్ని వ్రాసినవి, సంతోషం. నవలాకారునికి కావలసినది మరొకటి. పచ్చికొమ్మ కొట్టరాదని పొరుగింటామెతో చెప్పివచ్చిన స్త్రీకి తన పొయ్యిలోకీ కట్టె కావలె. పట్టుబడినవాడు తన మరిదే కావచ్చును. యుగళప్రసాదు ఎదుర్కొనవలసిరాని ప్రశ్నలివి.

మన సాహిత్యం 1921 నాటి పలనాటి పుల్లరి సత్యాగ్రహాన్ని, మన్యం పితూరీని, కొమురం భీమును పాడుకొన్నది, పాడుకొనదగినదే. కాని తిరుగుబాటుకు మనకున్నంత భాష, పంపకానికి లేదు. సమితి సమావేశమనగానే మన కథకుడు వ్యంగ్యానికి దిగును, లేదా ప్రభుత్వ ప్రచారపత్రం వ్రాయును. తరతరాలుగా జంషెడ్‌పూరులో ఉక్కు పని చేస్తున్న తెలుగు కుటుంబాలున్నవి. దల్మా కొండ వారికి కనుచూపు మేరలోనిదే. వారిలో ఒక రచయిత పూనుకొన్నా చాలు. మన ఏజెన్సీ పల్లెలలోనైతే సమితుల తీర్మానాల పుస్తకాలు తెలుగులోనే ఉన్నవి. ఎవరు ఎందుకు కాదన్నారో వాటిలో వ్రాసి ఉండదు. అది అడిగి తెలుసుకొనవలసినది.