దూబగుంట వార్త ఏ పేజీలో? – ‘ఈనాడు’ నిన్న, నేడు, రేపు

‘ఈనాడు’ చరిత్రను ఎవరు చెప్పినా విశాఖపట్నం నుంచే మొదలుపెడతారు. రామోజీరావు 1974 ఆగస్టు 10న ఆ పత్రికను అక్కడ ప్రారంభించారు. తొలి సంపాదకుడు ఏ.బి.కె. ప్రసాద్. అప్పటి పెద్ద పత్రికలు విజయవాడలో అచ్చయి, రైలెక్కి విశాఖ చేరేవి. తెల్లవారకముందే పేపరు గుమ్మంలో పడటం అక్కడి పాఠకుడికి కొత్త. తర్వాత 1975లో హైదరాబాదు, 1978లో విజయవాడ, 1982లో తిరుపతి సంచికలు వచ్చాయి.

ఈ విస్తరణ కథ చాలాచోట్ల దొరుకుతుంది. విమర్శకు అంతకంటె పనికొచ్చే ప్రశ్న మరొకటి ఉంది. నగరంలో పుట్టిన పత్రిక పల్లె వార్తకు ఎంత చోటిచ్చింది? ఎక్కడిచ్చింది? దీన్ని పరీక్షించడానికి నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని కలిగిరి మండలం చాలు.

1989లో ‘ఈనాడు’ జిల్లా సంచికలు మొదలుపెట్టింది. అంతకుముందు కలిగిరి పేరు దినపత్రికలో కనబడాలంటే హత్యో తుపానో జరగాలి. (నెల్లూరులో ‘జమీన్ రైతు’ వారపత్రిక ఉండేది కాబట్టి జిల్లావాళ్లకు స్థానిక వార్త బొత్తిగా కొత్త కాదు. ప్రతి ఉదయం రావడం కొత్త.) రాని బస్సు, ఎండిన చెరువు, పలకని కరెంటు ఆఫీసు వార్తలయ్యాయి. తన ఊరి పేరు చూసుకోవడానికి పేపరు కొనే పాఠకుడు తయారయ్యాడు. అయితే జిల్లా సంచిక తలుపూ అయింది, గోడా అయింది. నెల్లూరు పేజీల్లో వచ్చింది పక్కనున్న ప్రకాశం జిల్లా పాఠకుడికి కనిపించదు.

ఆ గోడ దాటిన వార్త దూబగుంటది. ఈ ఊరు కలిగిరి మండలంలోనే ఉంది. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలో సాగిన అక్షరదీపం కార్యక్రమంలో రాత్రిబడులకు వచ్చిన స్త్రీలు తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ ఉదంతం నవ అక్షరాస్యుల వాచకంలో పాఠమైంది. దాన్ని చదివిన ఇతర గ్రామాల స్త్రీలు కూడా కదిలారు. దూబగుంటకు మొదటి ‘పత్రిక’ ఆ వాచకమేనని నా అభిప్రాయం. ఉద్యమాన్ని పత్రికే పుట్టించిందనే వాదనను విద్యార్థులు ఒప్పుకోనక్కరలేదు.

పత్రిక చేసిన పని మాత్రం చిన్నది కాదు. 1992లో ‘ఈనాడు’ ఈ పోరాటానికి ప్రత్యేకంగా చోటు కేటాయించి, దాన్ని నెల్లూరు దాటించి రాష్ట్రమంతటా చదివించింది. ప్రభుత్వం 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని ఎత్తివేసింది.

ఇక్కడే విమర్శ మొదలవ్వాలి. ఆనాటి రాతల్లో ఆ స్త్రీలు తరచుగా తల్లులుగా, శక్తిస్వరూపిణులుగా కనిపిస్తారు. కూలి డబ్బు, కూలి రేటు, భూమి గురించి వాళ్లు ఏమన్నారో అంతగా కనిపించదు. ఉద్యమాన్ని ఎవరికి వారు తమదిగా చెప్పుకున్న తీరును సూసీ తారు, తేజస్విని నిరంజన తమ వ్యాసంలో నిలదీశారు. ‘ఈనాడు’ 1982–83 నుంచీ తెలుగుదేశాన్ని బాహాటంగా సమర్థించిన పత్రిక. కనుక గ్రంథాలయంలో 1992 నాటి సంచికలనూ 1997 నాటి సంచికలనూ పక్కపక్కన పెట్టి చదవండి. మద్యం గురించి ఏ వార్త ఏ పేజీలో ఉంది, ఎవరి మాటలు ఉటంకించారు, స్త్రీల పేర్లు ఉన్నాయా అన్నవి రాసుకోండి.

2008లో ‘సాక్షి’ వచ్చాక రాజకీయ వార్త కోసం రెండు పేపర్లు చదివి, రెంటిలోనూ కొంత తీసివేసి నమ్మే అలవాటు పాఠకుల్లో పెరిగింది. నా దృష్టిలో ఇది పత్రికలకు పెద్ద నష్టం, సర్క్యులేషన్ లెక్కల్లో కనబడనిది. 2020లో కోవిడ్ వల్ల పేజీలు తగ్గాయి. 2024 జూన్‌లో రామోజీరావు మరణించారు.

ఇక రేపటి సంగతి. కలిగిరి వార్త ఇప్పుడు కలిగిరి పాఠకుడి ఫోనుకు క్షణంలో చేరుతుంది. కాకినాడ పాఠకుడి తెరమీద అది తేలకపోవచ్చు. జిల్లా సంచిక కట్టిన గోడను ఫోను ఇంకా సన్నగా, ఇంకా ఎత్తుగా కడుతోంది. దానికంటె నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఆ వార్తను మొదట రాసే మనిషి. తెలుగు దినపత్రికల్లో మండల విలేకరికి చాలాకాలంగా నెల జీతం లేదు. అచ్చయిన మేరకు లెక్కగట్టే ‘లైన్ అకౌంటే’ అతని సంపాదన. పండగలకు, నాయకుల పుట్టినరోజులకు ప్రకటనలు సేకరించే బరువు కూడా అతని మీదే. మద్యం వ్యాపారి ప్రకటన ఇచ్చే ఊళ్లో మద్యం దుకాణం ముందు కూర్చున్న ఆడవాళ్ల వార్త అతను ఎలా రాస్తాడు?