అర్మకొండ ఎత్తెంత? పటం ఏమి చెప్పగలదు?

అరకు లోయను భారత సర్వేక్షణ సంస్థవారు 50,000లో ఒకటవ వంతు ప్రమాణంలో చిత్రించినారు. పాత క్రమసంఖ్యలలో అది 65 జె/15 పత్రం. పటాన్ని మెచ్చుకొనక తప్పదు. కొండవాలుమీద గోధుమరంగు సమోన్నత రేఖలు, అనగా కాంటూర్లు, ఒకదానినొకటి ఒరుసుకొంటాయి. లోయలోకి రాగానే ఎడమవుతాయి. ఏటవాలు ఎక్కడ ఎక్కువో విద్యార్థి కంటితోనే పోల్చుకొనవచ్చును.

కొండపోడు విషయంలో మాత్రం పటం వెనుకబడుతుంది. సాగునేలకు పసుపురంగు వేస్తారు. పోడు కొన్నేండ్లకు మళ్లీ అడవి అవుతుంది, రంగు మాత్రం పోదు.

అసలు చిక్కు శిఖరాలతో వచ్చింది. ఆంధ్రదేశపు తూర్పు కనుమలలో అన్నిటికన్న ఎత్తైనది కొన్ని పుస్తకాలలో 1,680 మీటర్ల అర్మకొండ, మరికొన్నింట 1,690 మీటర్ల జింధగడ. తేడా 10 మీటర్లు. ఈ ప్రమాణపు పటాలలో రేఖకు రేఖకు నడుమ ఉండేదే సాధారణంగా 20 మీటర్లు! రేఖలు లెక్కపెట్టి ఈ తగవు తీర్చలేము. పోనీ, 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌకనుండి రాడారుతో కొలిచిన ఎత్తులున్నవి కదా అంటే, వాటిలో ముఖ్యమైన 5.6 సెంటీమీటర్ల తరంగాలు దట్టమైన అడవిలో నేలదాకా దిగవు. చెట్ల ఎత్తు కూడ కొంత కలిసి వస్తుంది. చాల పుస్తకాలు అంకెను అచ్చువేస్తాయిగాని, అది శిఖరంపై యంత్రం నిలిపి కొలిచినదో, ఆకాశంనుండి కొలిచినదో చెప్పవు.