స్త్రీల అధ్యయన సదస్సులు - తెలుగు సాహిత్య విమర్శ

స్త్రీవాద సాహిత్య విమర్శ గురించి చెప్పేటప్పుడు సాధారణంగా కొన్ని పుస్తకాల పేర్లు, కొందరు విమర్శకుల పేర్లు చెప్పి ఊరుకుంటాం. ఆ విమర్శ పుస్తకాల నుంచే కాదు, సదస్సుల నుంచి కూడా పుట్టింది. అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు, మహిళా సంఘాల కార్యకర్తలు ఒక గదిలో కూర్చుని ఒకరి పత్రాన్ని ఒకరు విని, ప్రశ్నించి, కొన్నిసార్లు గట్టిగా పోట్లాడుకుని తేల్చుకున్న విషయాలు అందులో చాలా ఉన్నాయి. సదస్సు అనగానే జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, భోజన విరామం తరవాత ఖాళీ అయ్యే కుర్చీలు మీకు గుర్తొస్తే తప్పు మీది కాదు. అలాంటి సదస్సులూ ఉన్నాయి. ఈ పాఠంలో మనం చూడవలసింది మరొక రకం సదస్సుల సంగతి. అక్కడ లేచిన ప్రశ్నలు తెలుగు సాహిత్యాన్ని చదివే పద్ధతిని ఎలా మార్చాయి, ఎక్కడ మార్చలేకపోయాయి అన్నది గమనించాలి.

ముందు కొంత నేపథ్యం. దేశంలో స్త్రీల స్థితిగతులను పరిశీలించడానికి భారత ప్రభుత్వం 1971లో ఒక సంఘాన్ని నియమించింది. ఫుల్‌రేణు గుహ అధ్యక్షురాలు, వీణా మజుందార్ సభ్య కార్యదర్శి. 1974 చివర ఆ సంఘం 'సమానత్వం దిశగా' అనే అర్థం వచ్చే పేరుతో నివేదిక ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లు దాటినా చాలామంది స్త్రీల జీవితం మెరుగుపడకపోగా కొన్ని విషయాల్లో దిగజారిందని ఆ నివేదిక చూపించింది. విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్లకు ఇది పెద్ద కుదుపు. ఇన్నాళ్లూ మనం చెప్పిన పాఠాల్లో ఈ సంగతి ఎందుకు లేదు అన్న ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్నకు కొనసాగింపుగా 1981 ఏప్రిల్‌లో బొంబాయిలోని ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయంలో మొదటి జాతీయ స్త్రీల అధ్యయన సదస్సు జరిగింది. మరుసటి ఏడు భారత స్త్రీల అధ్యయన సంఘం ఏర్పడింది. 1986 జాతీయ విద్యా విధానం స్త్రీల అధ్యయనానికి చోటు ఇచ్చాక విశ్వవిద్యాలయాల్లో కేంద్రాలు వెలిశాయి. ఈ సంఘం జాతీయ సదస్సుల్లో నాలుగోది 1988 డిసెంబరులో విశాఖపట్నంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జరిగింది. గ్రామీణ స్త్రీల పేదరికం, మనుగడ, మార్పు కోసం వాళ్ల పోరాటం అక్కడి చర్చాంశం. తొమ్మిదోది 2000 జనవరిలో హైదరాబాదులో జరిగింది.

ఈ సదస్సులకు మొదటినుంచీ ఒక ప్రత్యేకత ఉంది. ఆర్థికశాస్త్ర సదస్సుకు ఆర్థికశాస్త్రజ్ఞులు, చరిత్ర సదస్సుకు చరిత్రకారులు వెళతారు. ఇక్కడికి మాత్రం శాస్త్రంతో పనిలేకుండా పనిచేసేవాళ్లు కూడా వచ్చారు. ఇది అధ్యయనమా, ఉద్యమమా అన్న విమర్శ అప్పుడూ వచ్చింది, ఇప్పుడూ ఉంది. విమర్శలో బలం లేకపోలేదు. కేవలం ఆవేశంతో నిండిన పత్రం ఎవరికీ ఉపయోగపడదు. కానీ ఉద్యమానికి దూరంగా ఉండడమే శాస్త్రీయత అనుకున్నన్నాళ్లూ మన చరిత్ర పుస్తకాల్లో స్త్రీలు కనిపించలేదన్నది కూడా నిజమే కదా.

తెలుగునాట ఈ రెండింటి కలయికకు మంచి ఉదాహరణ హైదరాబాదులో కనిపిస్తుంది. 1970ల్లో ఉస్మానియా విద్యార్థినులు ప్రగతిశీల మహిళా సంఘాన్ని స్థాపించారు. కొన్నేళ్ల తరవాత వచ్చిన స్త్రీశక్తి సంఘటనలో అధ్యాపకులు, పూర్వ విద్యార్థినులు, వైద్యులు, గృహిణులు కలిసి పనిచేశారు. సూసీ తారు, కె. లలిత, రమా మేల్కోటే, వసంత కన్నబిరాన్, వీణా శత్రుఘ్న వంటివారు అందులో ఉన్నారు. 1946-51 తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్లి, వాళ్లు చెప్పినదంతా టేపుల మీద రికార్డు చేసి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పేరుతో ప్రచురించారు. 1989లో దాని ఇంగ్లీషు రూపం వచ్చింది.

ఈ పుస్తకాన్ని చరిత్ర విద్యార్థులే కాదు, సాహిత్య విద్యార్థులూ చదవాలి. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, మోటూరి ఉదయం, జమాలున్నీసా బాజీ, కొండపల్లి కోటేశ్వరమ్మ తదితరులు అందులో మాట్లాడతారు. వాళ్ల మాటల్లో వీరగాథ ఒక్కటే లేదు. దళంలో పసిబిడ్డను ఎక్కడ వదలాలి, పోరాట విరమణ తరవాత ఎక్కడికి పోవాలి, నిన్నటిదాకా తుపాకీ పట్టిన మనిషిని ఇవాళ వంటింట్లోకి వెళ్లమంటే ఏమనిపిస్తుంది అన్న సంగతులు ఉన్నాయి. పోరాటం గురించి నాయకులు రాసిన గ్రంథాల్లో సంఘటనలు వరసగా నడుస్తాయి. ఈ స్త్రీల కథనాలు అలా నడవవు. వెనక్కి పోతాయి, ఆగుతాయి, ఒక చోట మౌనం వహిస్తాయి. ఆ మౌనాన్ని కూడా పాఠంలో భాగంగా చదవాలని మనకు నేర్పింది ఈ పుస్తకమే. తెలుగు విమర్శకు అది చేసిన మేలు అక్కడ ఉంది.

అయితే ఒక చిక్కు ప్రశ్న మిగిలిపోతుంది. అడిగినవాళ్లు పరిశోధకులు, చెప్పినవాళ్లు సమాచారదాతలు. పుస్తకం ఎవరిది? పత్రం చదివి చప్పట్లు అందుకునేది ఎవరు, పత్రంలో ఉదాహరణగా మారేది ఎవరు? ఈ ప్రశ్నకు సిద్ధాంతం కన్నా గట్టి జవాబు కోటేశ్వరమ్మగారి జీవితం ఇచ్చింది. బాల్యవితంతువుగా మొదలై, ఉద్యమంలో రహస్య జీవితం గడిపి, భర్త విడిచిపోయాక మళ్లీ చదువుకుని, హాస్టలు మేట్రనుగా ఉద్యోగం చేసి బతికిన ఆమె, తొంభై ఏళ్లు దాటాక 2012లో 'నిర్జన వారధి' పేరుతో స్వీయచరిత్ర ప్రచురించారు. 1986లో ఒక అధ్యాయంగా ఉన్న మనిషి ఇక్కడ రచయిత్రి. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒకరు అడిగితే చెప్పిన మాటకూ, తానే ఎంచుకుని రాసిన మాటకూ మధ్య తేడా మీకే తెలుస్తుంది. ఇంత మంచి పోలిక మన భాషలో దొరకడం అరుదు.

రెండో ఉదాహరణ తొలి తెలుగు కథ వివాదం. చాలాకాలం గురజాడ 'దిద్దుబాటు' (1910) తొలి ఆధునిక కథగా చెలామణి అయింది. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే 'హిందూసుందరి' పత్రికలో వచ్చిందని తరవాత పరిశోధకులు ముందుకు తెచ్చారు. స్త్రీల రచనల మీద జరిగే ఏ సదస్సులోనైనా ఇప్పుడు ఈ ప్రస్తావన వస్తుంది. కానీ చాలా పత్రాలు 'మొదటిది మనదే' అన్న దగ్గర ఆగిపోతున్నాయి. ఎనిమిదేళ్లు ముందు అని నిరూపించడం గ్రంథాలయం పని, విమర్శ దాని తరవాత మొదలవుతుంది.

రెండు కథల్లోనూ దారి తప్పిన భర్తను భార్యే దిద్దుతుంది. 'ధనత్రయోదశి'లో పేదరికం వల్ల పరాయి సొమ్ముకు ఆశపడిన భర్తకు భార్య ఎదురుగా నిలబడి తప్పని చెబుతుంది. 'దిద్దుబాటు'లో కమలిని ఉత్తరం రాసి పెట్టి మంచం కింద దాక్కుంటుంది. కథ చాలాభాగం ఆమె లేని గదిలో నడుస్తుంది. గురజాడ నేర్పు, హాస్యం మనం కాదనలేం. శిల్పంలో ఆయన కథే మిన్న అన్నది ఈ పాఠకర్త అభిప్రాయం. కానీ భార్య నేరుగా మాట్లాడే కథ పక్కకు పోయి, ఆమె కనిపించకుండా ఉండే కథ తొలి కథగా ఎలా నిలిచింది? 'దిద్దుబాటు' వ్యావహారికంలో ఉంది, అచ్చమాంబ భాష గ్రాంథికానికి దగ్గర అన్నది తరచూ వినే సమాధానం. భాషావాదంలో గెలిచిన పక్షం చరిత్ర రాసింది కాబట్టి ఆ కొలత సహజంగా కనిపిస్తుంది. బడికి పోకుండా, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్న స్త్రీకి ఆ గ్రాంథికం తనకు మూసిన తలుపు తీసుకుని లోపలికి రావడం. అదే భాష వదిలించుకోవలసిన బరువని అప్పటికే పట్టాలున్న పురుషుడికి అనిపించవచ్చు. ఒకే భాష ఇద్దరికీ ఒకటి కాదు.

అచ్చమాంబను ఆకాశానికి ఎత్తడం కూడా తగదు. ఆమె కథలో భార్య గొప్పతనమంతా పతివ్రతా ధర్మం చట్రంలోనే ఉంది. నీతి చెప్పే భారం, ఇంటి గౌరవం కాపాడే భారం మళ్లీ స్త్రీ మీదే పడింది. రచయిత్రి స్త్రీ కాబట్టి కథ స్త్రీవాద కథ అయిపోదు. ఆ మాట సభలో అంటే కొందరికి నచ్చకపోవచ్చు, అయినా అనాలి.

సదస్సులు సరిగా చూడనిది ఇంకొకటి ఉంది. 1980ల చర్చల్లో 'స్త్రీ' అంటే ఎవరు అన్న ప్రశ్న తక్కువగా వచ్చింది. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' స్త్రీవాద కవితా సంకలనం తెలుగు కవిత్వంలో పెద్ద మలుపు. అయితే ఆ తరవాతి చర్చల్లో దళిత స్త్రీలు అడిగినది సూటిగా ఉంది: మీరు వంటింటి నుంచి బయటపడాలంటున్నారు, మేం తరతరాలుగా పొలంలోనూ మీ వాకిట్లోనూ బయటే ఉన్నాం, మా సంగతేమిటి? జూపాక సుభద్ర, గోగు శ్యామల వంటివారు ఈ ప్రశ్నను రచనల్లోకీ సభల్లోకీ తెచ్చారు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల సాహిత్యాన్ని 1921 నుంచి ఒకచోట చేర్చింది. షాజహానా 'నఖాబ్' ముస్లిం స్త్రీ గొంతును వినిపించింది. సదస్సు నిర్వాహకులు వీటికి ఒక ప్రత్యేక సమావేశం కేటాయించి బాధ్యత తీరిందనుకోవడం ఇప్పటికీ చూస్తున్నాం. మిగతా సమావేశాల్లో చదివే పత్రాలు ఈ పుస్తకాల వల్ల మారాయా లేదా అన్నది అసలు పరీక్ష.

భాష సంగతి కూడా ఇక్కడే వస్తుంది. జాతీయ సదస్సుల్లో పత్రాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. కూలి స్త్రీ మీద రాసిన పత్రం ఆ స్త్రీకే కాదు, తెలుగు మాధ్యమంలో చదువుతున్న మీకు కూడా అందదు. చదువు మధ్యలో ఆగి, పెళ్లి, పిల్లలు, ఉద్యోగం తరవాత దూరవిద్యలో చేరిన విద్యార్థినులు మీలో చాలామంది ఉంటారు. అలాంటి సదస్సులో మీరు పత్రం చదివితే తెలుగులోనే చదవండి. మీ అమ్మమ్మనో, పక్కింటి పెద్దావిడనో అడిగి రాసుకున్న మాటలు ఉంటే, వాటిని పుస్తక భాషలోకి మార్చకుండా ఆమె అన్నట్టే ఉంచండి. చదివే ముందు ఆమెకు వినిపించి, తన పేరు పెట్టమంటుందో వద్దంటుందో కనుక్కోండి.