తెర మీద డాక్టరు

ఈ-సంజీవని మంచిదా, చెడ్డదా అని మన కుర్రాళ్లు వాదించుకుంటున్నారు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన ఈ పద్ధతిలో పల్లె ఆరోగ్య కేంద్రం నుంచే దూరాన ఉన్న డాక్టరుతో వీడియోలో మాట్లాడొచ్చు. బీపీ, షుగరు మందులు నెలనెలా వాడేవాళ్లకు ఇది మేలే. జీపు చార్జీ, ఒక రోజు కూలి మిగులుతాయి. ఆ మాట ఒప్పుకోవాలి.

కానీ సికిల్ సెల్ సంగతి చూడండి. మన్యంలో మనవాళ్లను తరతరాలుగా పీడిస్తున్న జబ్బు అది. తెర మీద ఎంత పెద్ద డాక్టరు కనిపించినా రక్తం తీయలేడు. హైడ్రాక్సీయూరియా రాస్తే సరిపోదు, రక్తకణాల లెక్క మళ్లీ మళ్లీ చూస్తుండాలి. ఆ పరీక్షా, ఆ మాత్రలూ ఇక్కడ లేకపోతే చీటీ ఏం చేసుకోవాలి?

ఇక భాష. కువి తప్ప మరో మాట రాని అవ్వ తన నొప్పిని ఎలా చెబుతుంది? పక్కనున్న ఆశా కార్యకర్త తనకు తోచిన తెలుగులో చెబుతుంది. గుండెలో పట్టేసినట్టున్నది కాస్తా గ్యాస్ అయిపోతుంది. తప్పు ఆమెది కాదు, దుబాసీ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. బడిలో మాతృభాష కావాలని అడిగే మనం ఆస్పత్రిలో ఎందుకు అడగం?

సిగ్నల్ కోసం కొండెక్కే కథలు అందరూ రాశారు, వదిలేస్తున్నాను. నా భయం వేరు. వీడియో ఉంది కదా అని పీహెచ్‌సీలో డాక్టరు పోస్టు ఖాళీగా ఉంచేస్తారేమోనని. డోలీలో వచ్చే బాలింతకు తెర ఏం చేస్తుంది?

1996 నాటి పెసా చట్టం సామాజిక రంగాల సంస్థలపై, ఉద్యోగులపై అజమాయిషీని గ్రామసభకూ, తగిన స్థాయి పంచాయతీకీ ఇవ్వాలంది. పోయిన నెల ఎన్ని కాల్స్ జరిగాయి, రాసిన మందుల్లో ఎన్ని ఇక్కడ దొరికాయి అని వచ్చే గ్రామసభలో అడగండి.