కంప్యూటరు కార్మికుడికి కునుకు రాదు

రాహుల్ జైన్ 2016లో తీసిన ‘మషీన్స్’ అనే డాక్యుమెంటరీ చిత్రంలో ఒక దృశ్యం ఉంది. సూరత్ ప్రాంతంలోని ఒక బట్టల మిల్లులో ఒక కుర్రవాడు యంత్రం దగ్గర నిలబడి పని చేస్తూనే కునికిపాట్లు పడుతుంటాడు. తల వాలుతుంది. ఉలిక్కిపడి లేస్తుంది. మళ్లీ వాలుతుంది.

కొత్త ఫ్యాక్టరీ కట్టేముందు అందులోని యంత్రాలనూ మనుషులనూ కంప్యూటరులో నడిపి చూడటం ఇప్పుడు మామూలైంది. దీన్నే సిమ్యులేషన్ అంటారు. ఆ కంప్యూటరు ఫ్యాక్టరీలోనూ ఒక కార్మికుడు ఉంటాడు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో నార్మన్ బాడ్లర్ బృందం 1980లలో తయారు చేయడం మొదలుపెట్టిన ‘జాక్’ ఇలాంటి బొమ్మ మనుషుల్లో పేరున్నవాడు. అతను వంగితే నడుము మీద ఎంత భారం పడుతుందో, చేయి చాస్తే మీట అందుతుందో లేదో చెప్పగలడు. ఎంత బరువు ఎత్తవచ్చో లెక్కకట్టే అమెరికన్ సూత్రం ఒకటి ఉంది. 1991లో సవరించిన ఆ సూత్రం ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నా 23 కిలోలు దాటకూడదు. ఇవి మంచి లెక్కలే. కండరాల అలసటను అంచనా కట్టే పద్ధతులు కూడా వచ్చాయి. నా తగాదా వాటితో కాదు. ఒక మనిషికి ఎన్ని యంత్రాలు అప్పగించాలి అనే లెక్కతో.

సూరత్‌లో ఈ ప్రశ్న మనవాళ్లకూ సంబంధించినదే. సిరిసిల్ల, వరంగల్, నల్లగొండ వైపు నుంచి ఎన్నో నేత కుటుంబాలు అక్కడికి వలస వెళ్లాయి. మరమగ్గాన్ని సిరిసిల్లలో ‘సాంచె’ అంటారు. సూరత్ సాంచాల మీద ఒడిశాలోని గంజాం జిల్లా వాళ్లు ఇంకా ఎక్కువ. చాలా షెడ్లలో షిఫ్టు 12 గంటలు. కూలి నేసిన మీటరు లెక్కన.

సాంచె తనంతట తాను నడుస్తుంది. పోగు తెగితేనో, కండె అయిపోతేనో ఆగుతుంది. అప్పుడు మనిషి కావాలి. అతను ఒకదాన్ని సరిచేస్తుండగా మరొకటి ఆగితే అది తన వంతు వచ్చేదాకా ఊరికే నిలబడి ఉంటుంది. ఈ చిక్కును 1947లో స్వీడన్ గణితవేత్త కానీ పామ్ సంభావ్యతా శాస్త్రంతో విప్పాడు. నేటి సాఫ్ట్‌వేరు పెద్ద ఎత్తున చేసేదీ ఇంచుమించు అదే పని.

మనమే ఒక లెక్క వేసి చూద్దాం. ఒక్కో సాంచె సగటున 20 నిమిషాలు నడిచి ఆగుతుందనీ, సరిచేయడానికి సగటున ఒక నిమిషం పడుతుందనీ అనుకుందాం. ఒకే మనిషికి 8 సాంచాలిస్తే అవి 93 శాతం సమయం నడుస్తాయి. మనిషి చేతులు 37 శాతం సమయమే పనిలో ఉంటాయి. 16 ఇస్తే? మనిషి పని 71 శాతానికి పెరుగుతుంది, సాంచాల నడక మాత్రం 88కే తగ్గుతుంది. యజమాని చూసేది ఈ రెండో అంకెనే. అయిదు శాతం నష్టంతో ఒక కూలీ ఖర్చు మిగులుతోంది గదా! ఈ తెరను చూసి 16 వద్దనే యజమాని ఉంటాడని నేననుకోను.

కాని ఈ లెక్కలోని మనిషి మొదటి గంటలోనూ పన్నెండో గంటలోనూ ఒకేలా పోగు ముడేస్తాడు. సాంచాల మధ్య నడిచే నడక లెక్కలో లేదు, చెవులు దిమ్మెక్కించే చప్పుడు లేదు, ఉక్కపోత లేదు. అలసటవల్ల నిమిషం పట్టే పని నిమిషంన్నర పడుతుందనుకోండి. అవే 16 సాంచాలు ఇప్పుడు 75 శాతమే నడుస్తాయి. మనిషి చేతులకు 90 శాతం సమయం పనే. అర నిమిషం తేడా ఇంత పని చేసింది! ఆగినవి వరుస కట్టేకొద్దీ ఆలస్యం మీద ఆలస్యం పేరుకుంటుంది.

నష్టం ఎవరిది? కూలి మీటరు లెక్కన కాబట్టి అందులో నేతగాడికీ వాటా ఉంది. విచిత్రమేమంటే, ఇంత అలసిపోయినా 16లో 12 నడుస్తాయి. 8 ఉంటే ఏడున్నరకు మించి నడవవు. అందుకే ఎక్కువ సాంచాలు ఇమ్మని కార్మికుడే అడగవచ్చు. దాన్ని అతని ఇష్టం కింద జమకట్టే ప్లానింగు నిపుణులతో నేను ఏకీభవించను. మీటరు రేటు కూడా ఆ లెక్కలో ఒక అంకే. దాన్ని మార్చి చూసే మీట మాత్రం తెర మీద కనబడదు.

ఇలాంటి ప్లాను ఒకటి కంప్యూటర్లు రాకముందే అహమ్మదాబాదులో బోల్తాపడింది. అక్కడి కాలికో మిల్లులో 224 ఆటోమేటిక్ మగ్గాలకు 29 మందిని పెట్టారు. పనులను 12 రకాలుగా విడగొట్టి, గడియారంతో కొలిచి పంచారు. నేసేవాడికి 24 లేదా 32 మగ్గాలు, నూనె వేసేవాడికి మొత్తం 224. ఒక్కొక్కరి పని విడిగా చూస్తే కొలతలు సరిగానే ఉన్నాయి. ఉత్పత్తి పెరగలేదు, నాణ్యతా మెరుగుపడలేదు. లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ 1953లో ఒక సూచన చేశాడు: 64 మగ్గాలకు ఏడుగురు చొప్పున ఒక జట్టు. జట్టులో ఎవరు ఏం చేయాలో కార్మికులే తేల్చుకున్నారు. సుమారు 80 శాతంగా ఉన్న సామర్థ్యం 95 దాకా పోయింది. చెడిపోయే బట్ట తగ్గింది. మగ్గాలు అవే, పోగు తెగడమూ అదే. ఒకడు వెనకబడితే పక్కవాడు అందుకున్నాడు. పామ్ సమీకరణంలోని మనిషికి పక్కవాడు లేడు.

ఈ విజయాన్ని మరీ పెద్దది చేసి చెప్పడం కూడా పొరపాటే. ఎరిక్ మిల్లర్ 1970లో తిరిగి వెళ్లి చూసేసరికి ఆ జట్టు పద్ధతి దాదాపు మొదటి రూపంలో నిలిచింది ఒక్క షెడ్డులోనే.

కాలేజీలో పైథాన్ నేర్చుకుంటున్నవారు పైన వేసిన లెక్కను యాభై వరుసల్లోపు ప్రోగ్రాముగా రాయవచ్చు. సరిచేసే సమయాన్ని స్థిరంగా ఉంచకుండా గంటగంటకూ కొంచెం పెంచి నడపండి. తర్వాత 16 సాంచాలకు ఒకరి బదులు 32 సాంచాలకు ఇద్దరిని కలిపి పెట్టి చూడండి.