రెండు విద్యల పాత్ర

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ఐదో లెవెల్‌కు చేరిన విజార్డ్‌కు ఫైర్‌బాల్ నేర్చుకునే అర్హత వస్తుంది. ఇరవై అడుగుల వ్యాసార్ధంలో ఉన్నవాళ్లందరి మీదా నిప్పు కురిపించే మంత్రం అది. దాని కోసం ఎదురుచూసే ఆటగాళ్లు ఎందరో. నాలుగో లెవెల్ దగ్గరే ఆగి, ‘ఇప్పుడు నా పాత్ర కత్తిసాము నేర్చుకుంటుంది’ అనేవాళ్లూ ఉంటారు. ఏం వదులుకుంటున్నదీ తెలిసి ఆ మాట అంటే పాత్రకు ఒక చరిత్ర పుడుతుంది. తెలియక అంటే చేతిలో రెండు అరకొర విద్యలు మిగులుతాయి.

క్లాస్ అంటే పాత్ర చేపట్టిన వృత్తి. ఫైటర్‌కు ఆయుధం, క్లెరిక్‌కు దైవబలం, రోగ్‌కు చాటుదెబ్బ. అనుభవం పెరిగేకొద్దీ పాత్ర ఇరవయ్యో లెవెల్ దాకా ఎదుగుతుంది. కొత్త లెవెల్ వచ్చినప్పుడు దాన్ని పాత వృత్తిలో కాక మరో వృత్తిలో తీసుకోవడమే మల్టీక్లాసింగ్.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను తెచ్చినప్పుడు ఉన్నవి మూడే క్లాసులు. ఎల్ఫ్ జాతి పాత్రలు మాత్రం ఒక సాహసానికి యోధుడిగా, మరో సాహసానికి మంత్రగాడిగా వెళ్లగలిగేవి. 1978 నాటి అడ్వాన్స్‌డ్ నియమాలు మనుషులకూ ఇతర జాతులకూ వేరువేరు దారులు పెట్టాయి. ఎల్ఫ్‌లు, డ్వార్ఫ్‌ల వంటివారు రెండు మూడు విద్యలు ఒకేసారి సాధన చేసేవారు. వచ్చిన అనుభవ పాయింట్లు వాటికి సమానంగా పంచాల్సి వచ్చేది. మనిషి మాత్రం పాత వృత్తి వదిలేస్తేనే కొత్తదానిలోకి వెళ్లగలిగేవాడు. అందుకు పాత వృత్తి ప్రధాన సామర్థ్యంలో (బలం, తెలివి వంటివాటిలో) కనీసం 15, కొత్తదాని ప్రధాన సామర్థ్యంలో 17 ఉండాల్సి వచ్చేది. కొత్త విద్యలో పాత లెవెల్‌ను దాటేదాకా పాత విద్యను వాడితే ఆ సాహసంలో అనుభవ పాయింట్లు దక్కేవి కావు. చాలామంది తిట్టుకున్న ఈ నియమం నాకెంతో ఇష్టం. ఏళ్లతరబడి కత్తి తిప్పినవాడు అక్షరాభ్యాసం చేసే పిల్లల వరసలో కూర్చున్నట్టు ఉంటుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కత్తి తీయాలా వద్దా అన్న సందిగ్ధాన్ని ఒక్క లెక్కతో పుట్టించిన నియమం అది.

2000లో వచ్చిన మూడో ఎడిషన్ తలుపులు బార్లా తెరిచింది. దాదాపు ఏ లెవెల్‌నైనా ఏ క్లాస్‌లోనైనా తీసుకునే వీలు వచ్చింది. స్వేచ్ఛ దొరికింది గానీ మంత్రగాళ్లు నష్టపోయారు. ఐదు లెవెల్స్ క్లెరిక్, ఐదు లెవెల్స్ విజార్డ్ కలిసిన పాత్ర మూడో స్థాయి మంత్రాల దగ్గరే ఉండిపోతే, పక్కనున్న పదో లెవెల్ విజార్డ్ ఐదో స్థాయి మంత్రాలు వేస్తుండేవాడు. 2008 నాటి నాలుగో ఎడిషన్ ఈ కలయికను ఫీట్లకు, అంటే విడిగా ఎంచుకునే చిన్న ప్రత్యేక నైపుణ్యాలకు, కుదించింది. అది నాకు ఎప్పుడూ తృప్తినివ్వలేదు.

2014 నాటి ఐదో ఎడిషన్ చేసిన పరిష్కారం తెలివైనది. రెండు క్లాసులకూ సంబంధించిన ముఖ్య సామర్థ్యాల్లో కనీసం 13 ఉంటే చాలు. మంత్రం వేసే శక్తిని, అంటే స్పెల్ స్లాట్లను, సాధారణంగా రెండు క్లాసుల లెవెల్స్ కలిపి లెక్కిస్తారు. నేర్చిన మంత్రాలను మాత్రం విడివిడిగానే చూస్తారు. మూడు లెవెల్స్ క్లెరిక్, మూడు లెవెల్స్ విజార్డ్ అయిన పాత్రకు మూడో స్థాయి స్లాట్లు మూడు దక్కుతాయి, కానీ ఆ స్థాయి మంత్రం ఒక్కటీ రాదు. చిన్న మంత్రాలనే పెద్ద బలంతో వేయాలి. శక్తి ఉంది, చదువు చాలలేదు: ఈ స్థితిని అంకెల్లో ఇంత చక్కగా చూపిన నియమం ఈ ఆటలో మరొకటి లేదంటాను.

ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అసలు మెళకువ. పాలడిన్ (ప్రతిజ్ఞ పట్టిన యోధుడు), సోర్సరర్ (పుట్టుకతో మంత్రశక్తి ఉన్నవాడు) కలయికనే తీసుకోండి. రెండింటి మంత్రాలకూ కరిజ్మాయే (ఆకర్షణే) ఆధారం కనుక సామర్థ్యాలను ఎక్కువగా చీల్చుకోనక్కర్లేదు. 2014 నియమాల్లో పాలడిన్‌గా మొదలుపెడితే బరువైన కవచం వాడే నేర్పు వస్తుంది. తర్వాత పాలడిన్‌లోకి వస్తే అది రాదు. సోర్సరర్‌గా మొదలుపెడితే కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్య) సేవింగ్ త్రోలో పట్టు దొరుకుతుంది. దెబ్బ తిన్నాక కూడా మంత్రం చెదరకుండా నిలబెట్టుకోవడానికి అది కావాలి. కవచమా, ఏకాగ్రతా? పాత్ర బాల్యం ఎలా గడిచిందో ఇక్కడే తేలిపోతుంది.

కలవనివీ ఉన్నాయి. ఫైటర్‌లో ఐదు, రేంజర్‌లో ఐదు లెవెల్స్ ఉన్నా ఒక యాక్షన్‌లో దాడులు రెండే. అదనపు దాడినిచ్చే ఎక్స్‌ట్రా అటాక్ రెండుసార్లు లెక్కకు రాదు. ఫైటర్‌గానే పదకొండో లెవెల్‌కు వెళ్తే మూడో దాడి వస్తుంది. బార్బేరియన్ రేజ్‌లో, అంటే ఆవేశంలో, ఉన్నంతసేపూ మంత్రం వేయలేడు.

ఒక్క లెవెల్ కోసం వార్‌లాక్‌లోకి తొంగిచూసి, హెక్స్‌బ్లేడ్ అనే సబ్‌క్లాస్ (వృత్తిలోని ఉపశాఖ) లాభం పట్టుకుని బయటికొచ్చే అలవాటు మీద నాకు అభ్యంతరం ఉంది. వార్‌లాక్ అంటే ఒక మహాశక్తితో ఒప్పందం చేసుకున్నవాడు. ఆ ఒప్పందం కథలో ఎక్కడా వినిపించకపోతే అది ఉత్త కూడిక. 2024 నియమాలు అన్ని క్లాసులకూ సబ్‌క్లాస్‌ను మూడో లెవెల్‌కు జరిపాయి. ఇలాంటి పైపై ప్రవేశాల లాభం దీనితో బాగా తగ్గింది. మంచి మార్పు.

కొత్తగా ఆడేవారికి ఒక మాట. 2014 పుస్తకంలో మల్టీక్లాసింగ్ ఐచ్ఛికం, కాబట్టి ముందు ఆట నడిపే మీ డంజన్ మాస్టర్‌ను అడగండి. ఐదో లెవెల్ దాకా ఒకే క్లాస్‌లో ఆడండి. ఆ తర్వాత మీ రోగ్ క్లెరిక్ కావాలనిపిస్తే, ఏ దేవత పిలిచిందో, ఏ దొంగతనం తర్వాత పిలిచిందో ముందే డంజన్ మాస్టర్‌తో మాట్లాడుకోండి. ఆ సంఘటనను అందరూ కలిసి ఆడాకే పాత్ర షీట్ మీద రెండో క్లాస్ పేరు రాయండి.